చేతులు చేస్తున్న పని గుండెకు ఎందుకు అందడం లేదు?

ప్రశ్న: అక్కగారికి వందనాలు. మెట్టుగూడ నుంచి రాస్తున్నాను. దయచేసి పేరు వేయవద్దు. నాకు 46 ఏళ్లు. నాన్నగారు లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి రిటైరయ్యారు. ఆరేళ్ల క్రితం ప్రభువునందు నిద్రించారు. అమ్మకు 78 ఏళ్లు. మూడేళ్లుగా డిమెన్షియా. సాయంత్రం అయిదయ్యేసరికి టీ గ్లాసు మీద సాసరు మూతపెట్టి, గేటు వైపు చూస్తూ కూర్చుంటుంది. "సైరన్ మోగింది కదరా, నాన్న ఇంకా రాలేదేం?" అంటుంది. నాన్న చనిపోయారని చెబుతాను. అప్పుడే విన్నట్టు ఏడుస్తుంది. పది నిమిషాలకు మళ్లీ అదే ప్రశ్న.

పగలు చూసుకోవడానికి ఒక ఆయమ్మ వస్తుంది. నా భార్య ఉద్యోగం చేసి వచ్చి కూడా చేతనైనంత చేస్తుంది. రాత్రిళ్లు మాత్రం నేనే. ఈమధ్య ఒక రాత్రి రెండున్నరకు అమ్మ మూడోసారి పక్క తడిపింది. బట్టలు మారుస్తుంటే నన్ను తోసేసింది. ఆమె మణికట్టు పట్టుకుని గట్టిగా గుంజాను, అరిచాను. తెల్లవారి చూస్తే నాలుగు వేళ్ల గుర్తులు, గాజు నొక్కుకున్న చోట ఎర్రటి గీత. అమ్మకు ఏమీ గుర్తు లేదు. "ఎవరు బాబూ నువ్వు? భోంచేశావా?" అని అడిగింది.

ఆ వచ్చిన ఆదివారమే సంఘంలో తల్లుల దినం ఆరాధన. పాస్టరుగారు నన్ను ముందుకు పిలిచి, ఆదర్శ కుమారుడని చెప్పి శాలువా కప్పారు. భూమి చీలి లోపలికి పోతే బాగుండునని అనిపించింది. నిజం చెబుతున్నాను అక్కా, నాలో ప్రేమ లేదు. అన్నీ చేస్తున్నాను, లోపలంతా కోపం, విసుగు. "ప్రేమ లేనివాడనైతే నాకు ప్రయోజనమేమియు లేదు" అన్న పౌలు మాట నా కోసమే రాసినట్టుంటుంది. అమెరికాలో ఉన్న చెల్లెలు రోజూ పొద్దున్నే వాట్సాప్‌లో ఒక వాక్యం పంపుతుంది. అది చూస్తే ఒళ్లు మండుతుంది. ఒక్కోసారి అమ్మ ప్రభువు దగ్గరకు వెళ్లిపోతే బాగుండునని కూడా అనిపిస్తుంది. సహోదరుని ద్వేషించువాడు నరహంతకుడని వాక్యం చెబుతోంది కదా, మరి కన్నతల్లి విషయంలో ఈ ఆలోచన ఏమిటి? కోపం తీసేయమని ఎంత ప్రార్థించినా పోవడం లేదు. నేను చేస్తున్నది వేషధారణేనా? నా రక్షణ నిజమేనా?

జవాబు: తమ్ముడూ, ముందు ఆ వేలిగుర్తుల సంగతి మాట్లాడుకుందాం. అది తప్పు. అలసటలో జరిగింది, నిజమే. కానీ అలసట కారణం అవుతుంది, సమర్థన కాదు. ఇది మీకూ తెలుసు, అందుకే రాశారు.

అమ్మకు గుర్తు లేదన్నారు. జరిగింది గుర్తు ఉండకపోవచ్చు. అప్పుడు కలిగిన భయం మాత్రం కొంతసేపు ఆమెలో ఉండిపోయే ఉంటుంది. అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయ పరిశోధకులు డిమెన్షియాలో ఒక రకమైన అల్జీమర్స్ ఉన్నవాళ్లకు ఏడిపించే దృశ్యాలు కొన్ని, నవ్వించే దృశ్యాలు కొన్ని చూపించి గమనించారు. వాళ్ల పరిశోధన 2014లో వెలువడింది. చూసింది కాసేపటికే మరిచిపోయారట. ఆ దుఃఖం, ఆ సంతోషం మాత్రం మరుపు తర్వాత కూడా నిలిచాయి. ఎందుకు దిగులుగా ఉందో తెలియదు, దిగులు ఉంటుంది. కాబట్టి ఈ రోజే అమ్మ పక్కన కూర్చుని, అదే మణికట్టు మెల్లగా పట్టుకుని క్షమాపణ అడగండి. ఆమెకు అర్థం కాకపోవచ్చు. మీ చేయి ఎలా ఆనిందో, గొంతు ఎలా పలికిందో అర్థమవుతుంది. మళ్లీ ఎప్పుడైనా కోపం చేతుల్లోకి దిగుతున్నట్టు అనిపిస్తే, ఆమె మంచం మీద నుంచి పడకుండా చూసి, వరండాలోకి వచ్చేయండి. పక్క అయిదు నిమిషాలు తడిగా ఉన్నా ఫరవాలేదు.

ఇక వేషధారణ. సువార్తల్లో ఆ మాటకు మూలమైన గ్రీకు పదానికి నాటకంలో వేషం కట్టేవాడని అర్థం. వేషానికి చూసేవాళ్లు ఉండాలి. రాత్రి రెండున్నరకు, మూత్రం వాసన మధ్య, మీ నాటకం ఎవరు చూస్తున్నారు? మూడోసారి పక్కబట్ట మార్చిన మనిషి ఎవరి మెప్పు కోసం మార్చాడు? అక్కడ వేషం లేదు తమ్ముడూ. వేషం దగ్గరగా వచ్చింది శాలువా కప్పించుకున్న క్షణంలోనే. అది కూడా మీరు కోరుకున్నది కాదు, అందరి ముందూ కాదనలేకపోయారు. దానికి ఒక మందు ఉంది. పాస్టరుగారిని విడిగా కలిసి, మీరు నాకు రాసింది రాసినట్టు చెప్పండి.

పౌలు మాట మిమ్మల్ని గుచ్చుతోంది కదా, ఆ అధ్యాయాన్నే ఇంకొక్క వచనం ముందుకు చదవండి. "ప్రేమ దీర్ఘకాలము సహించును" అని మొదలవుతుంది. గ్రీకు మూలంలో 4 నుంచి 7 వచనాల దాకా ప్రేమ గురించి చెప్పినవన్నీ క్రియాపదాలే. ప్రేమ ఎలా ఉంటుందని కాదు, ఏం చేస్తుంది, ఏం చేయదని చెబుతున్నాడు. మొట్టమొదట చెప్పింది సహించడం. కష్టంగా లేనిదాన్ని ఎవరూ సహించరు, అనుభవిస్తారు. లోపల విసుగు పుట్టని మనిషికి దీర్ఘశాంతంతో పనే లేదు. యేసు చెప్పిన ఇద్దరు కొడుకుల ఉపమానంలో, ద్రాక్షతోటకు పొమ్మంటే ఒకడు పోనన్నాడు, తర్వాత మనసు మార్చుకుని పోయాడు. రెండోవాడు "పోదును అయ్యా" అని ఎంతో వినయంగా చెప్పి పోలేదు. తండ్రి ఇష్టం నెరవేర్చింది ఎవరని ప్రభువు అడిగాడు. మీ చెల్లెలి వాక్యాలు చూసినప్పుడు మీకు ఒళ్లు మండేది ఈ ఉపమానం వల్లే అయి ఉంటుంది. ఆమె మీద నేను తీర్పు చెప్పడం లేదు. ఆమె సంగతి కాసేపట్లో చెబుతాను.

అయితే "పని చేస్తున్నారు, అది చాలు, మనసు ఎలా ఉంటే ఏమిటి" అని మీకు చెప్పలేను. ఆ మాట వినడానికి ఊరటగా ఉంటుంది, కానీ క్రైస్తవం ఎన్నడూ అంత తక్కువతో సరిపెట్టుకోలేదు. 13వ శతాబ్దపు క్రైస్తవ పండితుడు థామస్ అక్వినాస్ దీన్ని చాలా శ్రద్ధగా ఆలోచించాడు. మనిషి మంచిని సంకల్పంతో మాత్రమే చేయడం కంటే, అతని అనుభూతులు కూడా ఆ మంచి వైపు కదిలితే అది ఇంకా సంపూర్ణమని అన్నాడు. అందుకు 84వ కీర్తనను చూపించాడు. నా హృదయమూ నా శరీరమూ జీవముగల దేవుని కోసం కేకలు వేస్తున్నాయని కోరహు కుమారులు పాడిన కీర్తన అది. హృదయం మాత్రమే అనలేదు, శరీరం కూడా అన్నారు. మనలోని కోపం, భయం, జాలి, సంతోషం ఇవన్నీ రక్షణకు బయట ఉండిపోయే సరుకు కాదు. అవీ లోపలికి రావాలి.

తప్పిపోయిన కుమారుని కథలో నాకు ఎప్పుడూ పెద్దకొడుకు దగ్గరే అడుగు ఆగిపోతుంది. "ఇన్ని యేండ్లనుండి నిన్ను సేవించుచున్నానే" అంటాడు. ఆ "చున్నానే"లో ఎంత అలసట ఉందో మీకు వేరే చెప్పాలా? పొలం పని ఒక్కరోజు కూడా ఎగ్గొట్టలేదు. కానీ ఇంట్లో పాట వినబడితే లోపలికి రాలేకపోయాడు. తండ్రి ఏం చేశాడు? పని బాగా చేశావని శాలువా కప్పలేదు. కోపపడినందుకు గద్దించలేదు. బయటికి వచ్చి బతిమాలాడు. "కుమారుడా" అని పిలిచాడు. చిన్నవాడి కోసం ఎదురు పరుగెత్తిన తండ్రే పెద్దవాడి కోసం చీకట్లోకి నడిచి వచ్చాడు. పెద్దవాడు లోపలికి వెళ్లాడో లేదో లూకా రాయలేదు. మీరు ఇప్పుడు ఆ గడప దగ్గరే నిలబడి ఉన్నారని నాకు అనిపిస్తోంది. మీ ఎదుట నిలబడి బతిమాలుతున్నది ఎవరో కూడా చూడండి.

కోపం పోవాలని ప్రార్థిస్తున్నారు. దానికి ముందు ఒక పని ఉంది, కోపాన్ని ప్రశ్నించాలి. ఉత్తర ఆఫ్రికాలోని హిప్పో నగరపు బిషప్పు అగస్టీన్, జ్ఞానికి అనుభూతులు తగవన్న స్తోయిక తత్వవేత్తలకు జవాబు చెబుతూ రాసిన మాట ఒకటి ఉంది. భక్తిగల మనసు కోపపడుతుందా అని మనం అడగం, ఎందుకు కోపపడుతోందని అడుగుతాం అంటాడు. దుఃఖం గురించి, భయం గురించి కూడా అంతే. మన అనుభూతులన్నీ మనం దేన్ని ప్రేమిస్తున్నామో దాని నుంచి పుడతాయి, ఆ ప్రేమ సరైనదైతే అవీ సరిగా ఉంటాయి అన్నది ఆయన వాదన. యోనా ఊరి బయట అలిగి కూర్చున్నప్పుడు దేవుడు అడిగింది కూడా ఇలాంటి ప్రశ్నే: "నీవు కోపించుట న్యాయమా?" అది తిట్టు కాదు, నిజంగా అడిగిన ప్రశ్న. అడిగి, జవాబు కోసం ఆగాడు. సమాజమందిరంలో ఊచచెయ్యి గలవాణ్ణి బాగుచేసిన రోజున యేసు చుట్టూ ఉన్నవాళ్ల హృదయ కాఠిన్యానికి దుఃఖపడి, కోపంతో చూశాడని మార్కు రాశాడు. దుఃఖం, కోపం రెండూ ఒకే చూపులో ఉన్నాయి. ప్రభువులో ఉన్నది పాపం కాదు కదా.

మీ కోపాన్ని నేను దూరం నుంచి అడిగి చూశాను. అది ఒక్కటి కాదు, ఒకే గొంతుతో అరుస్తున్న నాలుగైదు ఉన్నాయి. ఒకటి ఒట్టి నిద్రలేమి. ఏలీయా బదరీవృక్షం కింద పడుకుని "ఇంతమట్టుకు చాలును" అని చావు కోరుకున్నప్పుడు, దేవుని దూత ప్రసంగం చేయలేదు. నిద్రపోనిచ్చి, తట్టి లేపి, నిప్పుల మీద కాల్చిన రొట్టె, నీళ్లు ఇచ్చాడు. మళ్లీ నిద్రపోనిచ్చాడు, మళ్లీ రొట్టె పెట్టాడు. మూడేళ్లుగా రాత్రి నిద్రలేని మనిషి తన రక్షణ నిజమా కాదా అని రాత్రి మూడింటికి తేల్చుకోకూడదు. ఇంకొకటి చెల్లెలి మీద. అందులో సగం న్యాయం ఉంది. మిగతా సగం మీరు ఇంతవరకూ ఆమెను ఏమీ అడగకపోవడం వల్ల పేరుకుపోయింది. మీ ఉత్తరంలో ఆమెను ఫలానా సాయం అడిగానన్న మాట ఎక్కడా లేదు. ఆమెకు ఫోను చేసి, రాత్రిపూట మనిషిని పెట్టడానికి నెలకు ఎంత అవుతుందో ఆ మొత్తం చెప్పండి. ఏడాదికి ఒకసారి మూడు వారాలు వచ్చి అమ్మ దగ్గర ఉండమనండి. "కోపపడుడి గాని పాపము చేయకుడి, సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు" అని పౌలు అనడంలో, కోపాన్ని ఆ రోజే మాటగా మార్చమన్న అర్థం నాకు కనబడుతుంది.

అన్నిటికంటే అడుగున ఉన్నది, నా అనుమానం, దుఃఖం. మీ అమ్మ ఎదురుగా కూర్చుని "ఎవరు బాబూ నువ్వు" అంటోంది. బతికి ఉన్న తల్లిని రోజుకు కొంచెం కొంచెంగా పోగొట్టుకుంటున్నారు. దీనికి భూస్థాపన ఉండదు, జ్ఞాపకార్థ కూటం ఉండదు, ఎవరూ వచ్చి పరామర్శించరు. ఏడవడానికి చోటు లేని దుఃఖం కోపం వేషం వేసుకుని తిరుగుతుంది.

మా సంఘాల మీద నాకున్న బాధ ఇక్కడ చెప్పకుండా ఉండలేను. ఆరాధనలో కీబోర్డు, డ్రమ్ములతో కన్నీళ్లు రప్పించడానికి ఎంత ప్రయాసపడతామో, సమాధుల తోటలో నిజంగా వచ్చిన కన్నీళ్లను ఆపడానికి అంత తొందరపడతాం. 2011లో నారాయణగూడ సమాధుల తోటలో మావారి పెట్టె దించుతుంటే, ఒక పెద్దాయన నా వెనక నిలబడి "ఏడవకమ్మా, సాక్ష్యం పోతుంది" అన్నారు. మంచి ఉద్దేశంతోనే అన్నారు. నేను ఏడవలేదు. మూడు నెలల తర్వాత మోండా మార్కెట్‌లో చింతచిగురు కుప్ప చూశాను. ఆయనకు చాలా ఇష్టం. చేతిలో సంచీ పట్టుకుని అక్కడే, ఆ జనం మధ్యనే, ఏడ్చాను. ఆ మూడు నెలలూ నాకు పాటల్లో కూడా సంతోషం తెలియలేదు. ఏడుపుకు వేసిన గడియ నవ్వును కూడా బయటే ఉంచేసింది.

తర్వాత అగస్టీన్ చదివినప్పుడు నాకు తోడు దొరికినట్టయింది. 387లో ఓస్తియా రేవులో ఆయన తల్లి మోనికా చనిపోయింది. కళ్లు మూసింది ఆయనే. విశ్వాసురాలి మరణానికి ఏడవకూడదని కన్నీళ్లు బలవంతంగా ఆపుకున్నాడు. స్నానం మనసులోని దిగులును తీస్తుందని విని స్నానశాలకు కూడా వెళ్లాడు. వెళ్లినవాడు వెళ్లినట్టే తిరిగి వచ్చాడు. పడుకుని లేచాక, ఒంటరిగా, దేవుని ఎదుట కాసేపు ఏడ్చాడు. ఆ కాసేపును కూడా తప్పుపట్టేవాళ్లుంటే నవ్వకండి, నా పాపాల కోసం ఏడవండి అని రాసుకున్నాడు. పశ్చిమ దేశాల క్రైస్తవానికి పునాదులు వేసిన మనిషే తల్లి కోసం ఏడవడానికి అంత సంకోచపడ్డాడంటే, మెట్టుగూడలో మీరు సంకోచపడటంలో వింత ఏముంది?

అమ్మ వెళ్లిపోతే బాగుండునన్న ఆలోచన గురించి. 4వ శతాబ్దంలో ఈజిప్టు ఎడారిలో జీవించిన ఎవాగ్రియస్ అనే సన్యాసి మనసులోకి వచ్చే తలంపులను ఏళ్ల తరబడి గమనించి ఒక మాట రాశాడు. అవి మనల్ని కలతపెట్టడం, పెట్టకపోవడం మన చేతుల్లో లేదు. అవి లోపల మకాం వేయడం, వేయకపోవడం మన చేతుల్లో ఉంది. వచ్చిన ఆలోచనకు భయపడి రాత్రంతా దానితోనే కుస్తీ పడితే దానికి మంచం వేసి ఇచ్చినట్టే. అందులో ఏముందో విడదీసి చూడండి. అమ్మ కష్టం తీరాలని ఉంది, మీరు నిద్రపోవాలని ఉంది. రెండూ దేవునికి చెప్పుకోదగినవే. "సాధ్యమైతే ఈ గిన్నె నా యొద్దనుండి తొలగిపోనిమ్ము" అని గెత్సేమనేలో ప్రార్థించిన ప్రభువు, తన ఇష్టాన్ని దాచి పెట్టుకుని విధేయత చూపలేదు. మీ ఆలోచన ద్వేషం కాదు. ద్వేషించేవాడు గాజు గీత చూసి ఇంత పెద్ద ఉత్తరం రాయడు. కానీ ఆ ఆలోచన ఎప్పుడైనా "ఎలా" అన్న వైపు తిరిగితే, అమ్మ విషయంలోనైనా, మీ విషయంలోనైనా, ఆ క్షణమే భార్యను లేపండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ నంబరు 14416కు ఫోను చేయండి. తెలుగులో మాట్లాడతారు, రాత్రైనా పలుకుతారు, డబ్బు అక్కరలేదు. పెద్దవాళ్ల సంరక్షణ గురించి అడగడానికి 14567 ఎల్డర్ లైన్ ఉంది.

డాక్టరు దగ్గరకు కూడా ఒకసారి తీసుకువెళ్లండి. రాత్రికి మూడుసార్లు పక్క తడపడం, తోసేయడం ఈమధ్యే పెరిగితే మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందేమో పరీక్ష చేయించాలి. ఈ వయసులో అది తికమకను ఉన్నట్టుండి పెంచుతుంది. సాయంత్రం కాగానే కలవరం ఎక్కువ కావడం ఈ జబ్బులో మామూలే. పంజాగుట్ట నిమ్స్‌లో న్యూరాలజీ విభాగం ఉంది, అక్కడ చూపించవచ్చు. పాస్టరుగారిని కలిసినప్పుడు శాలువాకు బదులు శనివారం రాత్రి అడగండి. యవనస్థుల కూటంలో ఇద్దరు, స్త్రీల మైత్రిలో ఇద్దరు వంతులవారీగా వచ్చి పడుకుంటే మీకు వారానికి ఒక నిండు నిద్ర దొరుకుతుంది. "ఒకని భారముల నొకడు భరించి" అన్న వాక్యం గోడ మీద రాసుకోని సంఘం ఈ ఊళ్లో ఉందా?

ఇక సాయంత్రం అయిదు గంటలు. నాన్న చనిపోయారని రోజూ చెబుతున్నారు, నిజమే చెబుతున్నారు. కానీ ఆమె ఆ నిజాన్ని మనసులో నిలుపుకోలేకపోతోంది, కాబట్టి రోజూ కొత్తగా విధవరాలవుతోంది. వచ్చేస్తున్నారని అబద్ధం కూడా చెప్పవద్దు. మీ మనస్సాక్షికి అది పడదు, నాకూ పడదు. ఆమె అడుగుతున్నది సమాచారం కాదు. ఆయన మీద బెంగ. "ఏడ్చువారితో ఏడువుడి" అన్న మాటకు ఇంతకంటే మంచి సమయం ఎక్కడ దొరుకుతుంది? రెండు గ్లాసుల్లో టీ పోసుకుని ఆమె పక్కన గేటు వైపు తిరిగి కూర్చోండి. నాన్న డ్యూటీ నుంచి రాగానే ఏం అడిగేవారు, టీలో పంచదార ఎంత వేయాలి, అప్పుడు ఇంట్లో ఏ పాట పాడుకునేవాళ్లు, అడగండి. చెప్పలేకపోతే మీరే చెప్పండి. మీరు కూడా ఆయనను కోల్పోయినవారే కదా, ఆరేళ్లలో ఎవరితోనైనా ఆయన గురించి మాట్లాడారా? ఆమె ఎత్తుకుంటే ఒక చరణం మీరూ కలిపి పాడండి. మనసులో ప్రేమ పుట్టిందా లేదా అని మధ్యలో లోపలికి తొంగి చూసుకోవద్దు, టీ తాగండి. సాసరు మూతపెట్టిన ఆ మూడో గ్లాసును మాత్రం ఆమె అంతట ఆమె తీసేదాకా అక్కడే ఉండనివ్వండి.

శనివారం రాత్రికి ఎవరు కుదిరారో నాకు రాయండి.